బుర్రకి దెబ్బ తగిలిన కుర్రాణ్ణి ఎలా చూడాలి: ట్రైనింగ్ గ్రౌండ్‌లో మొదటి 48 గంటలు

"బీమ్ మీంచి జారి వెల్లకిలా పడ్డాడు సార్. స్పృహ తప్పలేదు, రక్తం కూడా రాలేదు. మళ్ళీ పరిగెత్తించొచ్చా?" దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు అగ్నివీర్‌కీ పోలీసు ఉద్యోగాలకీ కుర్రాళ్ళని తయారుచేసే గ్రౌండ్‌ల నుంచి మాటిమాటికీ వచ్చే ప్రశ్న ఇది. (బీమ్ అంటే పుల్‌అప్స్ తీసే అడ్డ కమ్మీ.) ఆ రోజుకి వద్దు, అంతే. అయితే వద్దని కూర్చోబెట్టాక ఏం చూడాలి, ఎంతసేపు చూడాలి, ఎప్పుడు బండి కట్టాలి అన్నదే అసలు సంగతి.

ఇది గ్రౌండ్ నడిపేవాళ్ళకీ, తోటి కుర్రాళ్ళకీ, ఇంట్లో వాళ్ళకీ. రిక్రూట్‌గా సైన్యం ట్రైనింగ్ సెంటర్‌లో చేరిపోయిన వాళ్ళకీ పనికొస్తుంది. డాక్టర్ చేసే పని మనం చెయ్యబోవడం లేదు. డాక్టర్ దగ్గరికి ఎవరిని, ఎంత తొందరగా పంపాలో తేల్చుకోవడం మట్టుకే మన పని.

ఒక్క ముక్క ముందే చెప్పుకోవాలి. మెదడు కుదుపుకి లోనైన వాళ్ళలో చాలామందికి స్పృహ తప్పదు. పైన బొప్పి కట్టిందా లేదా, ఎన్ని కుట్లు పడ్డాయి అన్న దాన్నిబట్టి లోపలి దెబ్బ తెలియదు. తలకే తగలక్కర్లేదు కూడా. సైన్యంలో చేర్చుకునే ర్యాలీ పరీక్షలో ఉండే 9 అడుగుల గుంత దూకబోయి అంచు మీద ఛాతీ గుద్దుకుని మెడ ఒక్క ఊపు ఊగినా చాలు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- కుర్రాడికొక అట్ట కార్డు. పేరు, వయసు, ఇంటి ఫోను, ఇదివరకు తలకి దెబ్బలు తగిలాయా, మైగ్రేన్ ఉందా, ఫిట్స్ ఉన్నాయా.
- సెకన్లు చూపే వాచీ లేదా ఫోన్.
- గట్టి నేల మీద సున్నంతో గీసిన 3 మీటర్ల తిన్నని గీత.
- చిన్న స్కేలు, టార్చి, రెండు తువ్వాళ్ళు, ఒక దుప్పటి.
- గోడ మీద పెద్ద అక్షరాలతో ఫోన్ నంబర్లు: 108, దగ్గర్లో సీటీ స్కాన్ తీసే చోటు, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రి.

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. బరంపురం చుట్టుపక్కల వాళ్ళకి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది. జయపురం వాళ్ళకి కోరాపుట్ మెడికల్ కాలేజీ దగ్గర. పర్లాకిమిడి వాళ్ళు పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్తారు, అక్కణ్ణుంచి పెద్ద కేసులు విశాఖ కేజీహెచ్‌కి. సీటీ మిషన్ ఉందంటే రాత్రి రెండింటికి దాన్ని నడిపే మనిషి ఉన్నాడని కాదు. ఇవాళే ఫోన్ చేసి అడిగి రాసుకోండి. 108కి చేసినప్పుడు మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా పేరు చెప్పండి. సరిహద్దు ఊళ్ళలో ఒకే పేరుతో రెండు వైపులా ఊళ్ళుంటాయి.

దెబ్బ తగలకముందే: పాత లెక్క రాసుకోవడం

అందరూ వదిలేసేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేదీ ఇదే. మామూలుగా ఉన్నప్పుడు వాడు ఎలా చేస్తాడో తెలియకపోతే దెబ్బ తగిలాక చేసింది బాగుందో లేదో ఎలా చెప్తాం? బ్యాచ్‌లో చేరిన వారంలోనే, పీటీకి ముందు, నిద్ర సరిగా పోయిన రోజున చెయ్యండి. ఒక్కొక్కరికి పావుగంట పడుతుంది.

1. అయిదు మాటలు. సెకనుకొకటి చొప్పున చదవండి: నిచ్చెన, పెరుగు, గొడుగు, చిలక, ఇసుక. తిరిగి చెప్పమనండి, ఏ వరసలోనైనా ఫర్వాలేదు. ఇదే జాబితా మూడుసార్లు. మొత్తం 15కి ఎన్ని వచ్చాయో రాయండి. వీటిని మళ్ళీ అడుగుతామని చెప్పకండి.

2. అంకెలు వెనక నుంచి. 5-2-8 అంటే 8-2-5 అనాలి. తర్వాత 7-1-9-4, ఆపై 3-8-6-2-5, ఆపై 9-4-1-7-3-6. ఎక్కడిదాకా రాగలిగాడో అది వాడి లెక్క.

3. నెలలు వెనక నుంచి, డిసెంబరు మొదలు జనవరి దాకా. సెకన్లు రాయండి. ఇక్కడ మన జిల్లాల్లో ఒక మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన కుర్రాళ్ళు ఎక్కువ. వాడు ఏ భాషలో లెక్కపెట్టుకుంటాడో ఆ భాషలోనే చెప్పనివ్వండి, ఆ భాష పేరు కార్డు మీద రాయండి. పాత లెక్క ఒడియాలో, కొత్త లెక్క తెలుగులో తీస్తే లేని జబ్బు కనిపిస్తుంది. నెలలు రానివాడికి వారాలు వెనక నుంచి అడగండి.

4. నిలబడడం. చెప్పుల్లేకుండా, చేతులు నడుం మీద, కళ్ళు మూసుకుని, ఒక్కో భంగిమ 20 సెకన్లు. మొదట పాదాలు రెండూ దగ్గరగా. తర్వాత ఒంటికాలి మీద, అంటే బంతి తన్నని కాలు మీద. తర్వాత ఒక కాలి మడమకి రెండో కాలి బొటనవేలు ఆనించి, బంతి తన్నని కాలు వెనక ఉండేలా. చెయ్యి నడుం మీంచి తీసినా, కళ్ళు తెరిచినా, అడుగు కదిపినా, తూలినా ఒక్కో తప్పు. ఒక్కో భంగిమలో 10కి మించి లెక్కపెట్టక్కర్లేదు.

5. గీత మీద నడక. మడమకి వేళ్ళు ఆనిస్తూ 3 మీటర్లు వెళ్ళి, తిరిగి రావాలి. సెకన్లు రాయండి.

6. ఇప్పటికి అయిదు నిమిషాలు దాటి ఉంటుంది. దాటకపోతే ఆగండి. "ఇందాకటి అయిదు మాటలు చెప్పు" అనండి. 5కి ఎన్నో రాయండి.

జాబితాలు కనీసం మూడు తయారుచేసుకోండి. ఒకే జాబితా వాడితే నెల తిరిగేసరికి గ్రౌండ్ అంతా పాఠంలా అప్పజెప్తుంది. ఇంకో సంగతి, తెలివైన కుర్రాళ్ళు పాత లెక్కలో కావాలనే తక్కువ చెప్తారు, రేపు దెబ్బ తగిలినా "అప్పుడూ ఇంతే కదా" అనిపించుకోవడానికి. మామూలుగా చురుగ్గా ఉండేవాడు మూడంకెల దగ్గరే ఆగిపోతే మర్నాడు మళ్ళీ తీయండి.

దెబ్బ తగిలిన క్షణం నుంచి

1. విజిల్ వేసి ఆపండి. వాచీ చూసి టైము రాసుకోండి. ఆ టైము లేకపోతే తర్వాతి లెక్కలేవీ నిలవవు.

2. దగ్గరికి వెళ్ళకముందు పడిన తీరు గుర్తుపెట్టుకోండి. చేతులు అడ్డం పెట్టుకోకుండా మొద్దులా పడ్డాడా? పడగానే చెయ్యి గాల్లో బిగుసుకుని నిలిచిపోయిందా? లేవడానికి ఆలస్యం చేశాడా? తల పట్టుకున్నాడా? లేచి తూలాడా? చూపు ఎటో శూన్యంలోకి పోయిందా? వీటిలో ఒక్కటి కనిపించినా కుదుపు ఉన్నట్టే లెక్క, వాడు ఎంత బాగున్నానన్నా సరే. ఫోన్‌లో ఎవరైనా వీడియో తీస్తూంటే దాన్ని చెరిపేయొద్దని చెప్పండి. చూసినవాళ్ళు నలుగురూ నాలుగు రకాలుగా చెప్తారు, వీడియో ఒకటే చెప్తుంది.

3. మెడ. స్పృహ లేకపోయినా, మెడ నొప్పి అన్నా, చేతులూ కాళ్ళూ తిమ్మిరి అన్నా కదపొద్దు. తలకి రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్ళు పెట్టి, ఒకరు తల పట్టుకుని కూర్చోవాలి. వాంతి వస్తే నలుగురు కలిసి, తలా వీపూ ఒకే వరసలో ఉండేలా, దుంగని దొర్లించినట్టు పక్కకి తిప్పాలి. లేపి కూర్చోబెట్టడం, మొహం మీద బకెట్ నీళ్ళు కొట్టడం, భుజాలు పట్టి ఊపడం అసలు చెయ్యకండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టకండి. చుట్టూ రాళ్ళు తీసేసి, ఆగగానే పక్కకి తిప్పండి.

4. ప్రమాద గుర్తులు చూడండి. కింది వాటిలో ఒక్కటున్నా పరీక్షలు అక్కడితో ఆపి 108:

- పిలిస్తే కళ్ళు తెరవకపోవడం, లేదా తెరిచి మళ్ళీ సోలిపోవడం
- రెండుసార్లు లేదా అంతకంటే ఎక్కువ వాంతి
- నిమిష నిమిషానికీ పెరిగే తలనొప్పి
- ఫిట్స్
- ఒక చెయ్యి, ఒక కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం
- ఒకటి రెండుగా కనిపించడం
- ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీళ్ళలాంటి ద్రవం, చెవిలోంచి రక్తం
- కళ్ళ చుట్టూ లేదా చెవి వెనక ఎముక మీద నల్లగా కమలడం
- కంటిపాపలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉండడం
- గొడవకి దిగడం, బూతులు, ఎవరినీ గుర్తుపట్టకపోవడం
- తలలో సొట్ట తగలడం

చెవి వెనక కమలడం గంటల తర్వాత గానీ కనిపించదు, సాయంత్రం మళ్ళీ చూడాలి. కంటిపాపల తేడా ఆలస్యంగా వచ్చే గుర్తు. టార్చి వేసి "రెండూ సమానంగానే ఉన్నాయి, ఇంకేం లేదు" అని పంపేయడం పొరపాటు. గొడవ పెట్టుకునేవాణ్ణి "తాగొచ్చాడు" అని పక్కన పడేయడం అంతకంటే పెద్ద పొరపాటు. కల్లు వాసన వచ్చినా సరే, దెబ్బ తగిలిందని తెలిస్తే తలదెబ్బగానే చూడాలి.

ప్రమాద గుర్తులున్నవాడికి నీళ్ళు, టీ, గ్లూకోజ్, మాత్ర ఏదీ నోట్లో పెట్టకండి. ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండడం మంచిది, మగతలో ఉన్నవాడికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

5. ప్రమాద గుర్తుల్లేకపోతే నీడలో కూర్చోబెట్టి ఈ అయిదూ అడగండి: "ఇప్పుడు మనం ఎక్కడున్నాం? పొద్దున్న మొట్టమొదట ఏం చేయించాం? నీకంటే ముందు బీమ్ ఎక్కిందెవరు? ఇవాళ ఇక్కడికి ఎలా వచ్చావు? పడకముందు చివరగా గుర్తున్నదేంటి?" పేరు, ఊరు, నాన్న పేరు అడిగి సరిపెట్టుకోకండి. అవి బాగా దెబ్బ తిన్నవాడు కూడా చెప్పేస్తాడు. పోయేది దగ్గరి జ్ఞాపకం. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడా, అదీ గమనించండి. "ఏం జరిగిందిరా?" అని జవాబు విని రెండు నిమిషాలకి మళ్ళీ అదే అడిగితే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు, ఆసుపత్రికి పంపండి.

6. పది, పదిహేను నిమిషాలు కూర్చున్నాకే పాత లెక్కతో పోల్చే పరీక్షలు చెయ్యండి. పరుగు ముగిసిన వెంటనే ఒంటికాలి మీద నిలబెడితే దెబ్బ తగలనివాడూ తూలతాడు. మాటలు వేరే జాబితాలోవి తీసుకోండి. మొదటిసారి ఏ నేల మీద నిలబెట్టారో అదే నేల, అదే వరస.

7. కళ్ళు. మొహానికి మూరెడు దూరంలో మీ వేలు ఆడిస్తూ తల కదపకుండా చూపుతో వెంబడించమనండి. తర్వాత బాల్‌పెన్ను కొనని ముక్కు వైపుకి నెమ్మదిగా తీసుకురండి. రెండుగా కనిపించగానే చెప్పమని, స్కేలుతో ముక్కు కొన నుంచి దూరం కొలవండి. 6 సెంటీమీటర్లు లేదా అంతకంటే దూరంలోనే రెండైపోతే తేడా ఉన్నట్టు. కళ్ళు తిప్పగానే తల దిమ్మెక్కినా, వికారం వచ్చినా అదీ తేడాయే.

8. బాధలు ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగి, 0 నుంచి 6 దాకా అంకె వెయ్యమనండి. తలనొప్పి, వికారం, తల తిరగడం, చూపు మసకబారడం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, బుర్ర మందగించినట్టుండడం, మగత, చిరాకు, ఏడుపు రావడం, మెడ నొప్పి. "బాగున్నావా?" అని గంపగుత్తగా అడిగితే "బాగున్నా సార్" అనే వస్తుంది. ర్యాలీ పోతుందని భయం వాడిది. సెంటర్‌లో ఉన్న రిక్రూట్‌కైతే రెలిగేట్ చేసి జూనియర్ బ్యాచ్‌లో పడేస్తారని భయం. అంకెలు వెయ్యమంటే ఆ భయంలోనూ కొంత నిజం బయటికొస్తుంది.

ఎలా తేల్చుకోవాలి? పాత లెక్క కంటే ఏ ఒక్కదాంట్లో స్పష్టంగా తగ్గినా, ఒక్క బాధ కొత్తగా వచ్చినా కుదుపుగానే లెక్కేసి ఆ రోజే, లేదంటే మర్నాడైనా డాక్టర్‌కి చూపించండి. అన్నీ బాగున్నా ఆ పూట గ్రౌండ్‌లోకి దించకండి, గుర్తులు ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడడం మామూలే. అమెరికా సైన్యం వాడే మేస్ 2 పరీక్షలోనూ, ఆటగాళ్ళకి వాడే స్కాట్ 6లోనూ ఉన్నవి దాదాపు ఇవే: ప్రమాద గుర్తులు, జ్ఞాపకం, కళ్ళు, నిలకడ. తలదెబ్బ తగిలిన సైనికుడికి అక్కడ కనీసం 24 గంటల విశ్రాంతి తప్పనిసరి. యుద్ధంలో ఉన్నవాడికే ఒక రోజు ఇస్తున్నప్పుడు ర్యాలీకి తయారయ్యేవాడికి ఇవ్వలేకపోవడానికి కారణమేదీ లేదు.

మొదటి రాత్రి

కణత పక్కన ఎముక పల్చన, దాని లోపలి వైపు ఒక ధమని పోతుంది. అది చిట్లితే మొదట అంతా బాగానే ఉన్నట్టుంటుంది. లేస్తాడు, నవ్వుతాడు, టీ తాగుతాడు, బండెక్కి ఇంటికి పోతాడు. గంటా రెండు గంటలు గడిచాక తలనొప్పి, వాంతి, మగత. ఇంట్లో వాళ్ళు అలసటతో పడుకున్నాడనుకుంటారు. అందుకే మొదటి 24 గంటలు ఒంటరిగా వదలకూడదు. బండి నడపనివ్వకూడదు. లాడ్జి గదిలోనో అద్దె గదిలోనో ఉండి తయారయ్యే కుర్రాడైతే ఆ రాత్రికి ఒకరు తోడు పడుకోవాలి.

ఆసుపత్రుల్లో పాటించే పద్ధతినే ఇంట్లోనూ పాటించవచ్చు: మొదటి 2 గంటలు అరగంటకోసారి, తర్వాత 4 గంటలు గంటకోసారి, ఆపై 2 గంటలకోసారి. ప్రతిసారీ నాలుగు చూడండి. పిలవగానే పలికాడా, సరైన మాట మాట్లాడాడా, రెండు చేతులతో మీ వేళ్ళు సమానంగా పిండాడా, తలనొప్పి అంకె ఎంత. కాగితం మీద టైము, అంకె రాయండి. 2, 2, 3, 5 అని పెరుగుతూంటే వాంతి కోసం ఎదురుచూడకుండా బయల్దేరండి.

నిద్రపోనివ్వకూడదంటారు మన పెద్దవాళ్ళు. పరీక్షలు బాగుండి, ప్రమాద గుర్తుల్లేనివాడు పడుకోవచ్చు, నిద్ర మెదడుకి మంచిదే. లేపినప్పుడు మామూలుగా లేస్తున్నాడా అన్నదే చూడాలి. విసుక్కుని, దుప్పటి లాక్కుని, "ఏంటి మామా, పడుకోనీ" అంటే సంతోషించండి. లేపితే గొణిగి, ఎక్కడున్నాడో తెలియక చూస్తే ఆలస్యం చెయ్యకండి.

నొప్పికి పారాసెటమాల్ 500 లేదా 650 ఒకటి, మళ్ళీ 6 గంటల దాకా వద్దు. ఆస్పిరిన్, డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ కలిసిన మాత్రలు మొదటి రెండు రోజులు వద్దు, రక్తస్రావం ఉంటే పెంచుతాయి. నిద్రమాత్ర వద్దు. మందు, కల్లు, సారా వద్దు. ఫోన్ స్క్రీన్ మొదటి 48 గంటలు వీలైనంత తగ్గించాలి. అలాగని చీకటి గదిలో బంధించక్కర్లేదు. ఇంట్లో అటూ ఇటూ తిరగొచ్చు, మాట్లాడొచ్చు.

ఆసుపత్రిలో

కుర్రాడితోపాటు పోలేకపోతే ఒడియా వచ్చినవాణ్ణి పంపండి. చేతికి ఒక చీటీ ఇవ్వండి: దెబ్బ తగిలిన టైము, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, స్పృహ తప్పిందా, ఎన్ని సెకన్లు, వాంతులు ఎన్ని, ఎప్పుడెప్పుడు, ఎంతసేపటి జ్ఞాపకం పోయింది, ఏం మాత్రలు ఇచ్చారు. 3 అడుగులకి మించి పడితే ఆ ఎత్తు తప్పకుండా చెప్పాలి. సీటీ తీయాలా వద్దా అని డాక్టర్లు చూసుకునే లెక్కల్లో అదొకటి. బీమ్ మీంచి, తాడు మీంచి పడేవన్నీ దాదాపు అందులోకే వస్తాయి. దెబ్బ తగిలిన 2 గంటల తర్వాత కూడా పూర్తిగా తెలివిలోకి రాకపోవడం, రెండుసార్లు వాంతి, దెబ్బకి ముందు అరగంట జ్ఞాపకం పోవడం, ఇవీ అందులోవే.

ఎక్స్‌రే తీసి "ఎముక విరగలేదు, ఏం ఫర్వాలేదు" అంటే ఆ మాటకి ఊరట పడకండి. ఎముక బాగుండి లోపల రక్తం గడ్డకట్టవచ్చు. సీటీ బాగుంటే రక్తస్రావం లేదని దాదాపు నమ్మకం, అంతవరకే. కుదుపు సీటీలో కనిపించదు. "సీటీ నార్మల్, రేపట్నుంచి గ్రౌండ్‌కి రా" అనడం మన గ్రౌండ్‌లలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

పొరపడే సందర్భాలు

వడదెబ్బ. ఏప్రిల్, మే నెలల్లో తీరంలో 1.6 కిలోమీటర్లు పరిగెత్తి పడిపోయినవాడు కూడా తూలతాడు, వాంతి చేసుకుంటాడు, పిచ్చిగా మాట్లాడతాడు. వొళ్ళు కాలిపోతూంటే ముందు చల్లబరచండి, నీళ్ళు పోసి విసరండి, ఆలస్యం చెయ్యకండి. చల్లబరుస్తూనే పడినప్పుడు తల తగిలిందా అని చూసినవాళ్ళని అడగండి. రెండూ ఉండవచ్చు. ఖాళీ కడుపుతో పరిగెత్తి చక్కెర తగ్గినవాడు తినగానే తేరుకుంటాడు, తలదెబ్బ గుర్తులు తిండి పెట్టినంత మాత్రాన తగ్గవు.

మలేరియా. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు మూడోనాడు తలనొప్పీ వాంతులూ అంటే మొదట గుర్తొచ్చేది అదే. రక్తపరీక్ష చేయించండి, తప్పులేదు. కానీ మూడు రోజుల కిందట పడ్డాడన్న మాట డాక్టర్ చెవిన వెయ్యండి. ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్లే మందుల షాపులో గ్యాస్ మాత్ర, వాంతుల ఇంజెక్షన్‌తో రెండు రోజులు పోతాయి.

ఫ్రంట్ రోల్ (ముందుకి పిల్లిమొగ్గ) శిక్ష. పది రోల్స్ కొట్టించాక ఎవడికైనా తల తిరుగుతుంది. ఆ తిరగడం కూర్చోబెడితే కొద్ది నిమిషాల్లో పోతుంది. తలదెబ్బ తగిలినవాడికి ఈ శిక్ష వేస్తే ఏది దేనివల్లో ఎవరికీ తెలియదు, పైగా మెడ మీద ఇంకో ఊపు. తల తగిలిన రోజున రోల్స్ ఎంతమాత్రం వద్దు.

బాక్సింగ్, కబడ్డీ. తలకి కట్టే గార్డు చర్మం చిట్లకుండా, ఎముక విరగకుండా కాస్త ఆపుతుంది. లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. "గార్డు ఉందిగా" అని మూడో రౌండ్‌కి పంపకండి.

మళ్ళీ గ్రౌండ్‌లోకి

మొదటి కుదుపు మానకముందే రెండోది తగిలితే, అది చిన్నదైనా, కోలుకోవడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. అరుదుగా మెదడు వాచి ప్రాణం మీదికే రావచ్చు. అందుకే మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు.

1. ఇంటి పనులు, మామూలు నడక.
2. వేగంగా నడక, ఆపై టైము చూడకుండా నెమ్మదిగా జాగింగ్. బీమ్ వద్దు.
3. పరుగు, మలుపులతో పరుగు. ఇంకా గుంత దూకించకండి.
4. పుల్‌అప్స్, జిగ్‌జాగ్ బ్యాలెన్స్, టైము పెట్టి పరుగు. పడే వీలున్నవి కింద ఇసుక వేసి, తోడు మనిషిని పెట్టి.
5. డాక్టర్ చూసి సరేనన్నాక గుంత, తాడు, కబడ్డీ, బాక్సింగ్.

నాలుగో మెట్టులో పుల్‌అప్స్‌కి ఊపిరి బిగబట్టినప్పుడు తల పగిలిపోతున్నట్టుందంటే ఇంకా మానలేదని అర్థం. మొదటి మూడు మెట్లలో తలనొప్పి కాస్త పెరిగి గంటలోపు తగ్గిపోతే భయం లేదు. బాగా పెరిగినా, గంట దాటి ఉన్నా ఒక మెట్టు వెనక్కి. అయిదో మెట్టుకి ముందు పరీక్షలన్నీ మళ్ళీ చేసి పాత లెక్కకి సరిపోయిందా చూడండి. పెద్దవాళ్ళలో చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. నెల దాటినా తలనొప్పి, నిద్రపట్టకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం ఉంటే న్యూరాలజిస్టుకి చూపించాలి. ర్యాలీ రెండు వారాల్లో ఉందని మెట్లు దాటించమని తల్లిదండ్రులే అడుగుతారు. తూలే కుర్రాడు 9 అడుగుల గుంత ఎలాగూ దాటలేడని వాళ్ళకి చెప్పండి.

ఇప్పటికే సర్వీసులో ఉన్నవాళ్ళకి

గ్రెనేడ్, మోర్టార్, 84 మిల్లీమీటర్ల రాకెట్ లాంచర్, తలుపులు పేల్చే ఛార్జీలు. వీటి దగ్గర తలకి ఏదీ తగలదు, పడిపోరు, అయినా గాలి దెబ్బ తగులుతుంది. 4 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 4 పౌండ్లు) దాటిన పేలుడు ఒత్తిడిని అమెరికా సైన్యం జాగ్రత్త పడవలసిన హద్దుగా పెట్టుకుంది. పేలుడుకి 50 మీటర్ల లోపు ఉన్నవాణ్ణి, బాగున్నానన్నా సరే, పరీక్ష చేయించాలన్నది కూడా వాళ్ళ నియమమే. ఎక్కువ దెబ్బ రిక్రూట్‌కి కాదు, రోజూ ప్రతి బ్యాచ్‌తోనూ రేంజ్‌లో నిలబడి నేర్పే ఉస్తాద్‌కి.

ఫైరింగ్ అయ్యాక చెవుల్లో హోరు, తల దిమ్ము, మాట వెతుక్కోవడం, సాయంత్రానికి వెలుతురు భరించలేకపోవడం ఉంటే యూనిట్ వైద్య గదైన ఎంఐ రూమ్‌లో రాయించండి. మీ దగ్గరా ఒక చిన్న పుస్తకం ఉంచుకోండి. తేదీ, ఆయుధం, మీరు పేల్చినవి ఎన్ని, పక్కన నిలబడినవి ఎన్ని, గుర్తులు ఎన్ని గంటలకి మొదలై ఎప్పుడు తగ్గాయి. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు చిన్నదానికే కసురుకోవడం, నిద్రపట్టకపోవడం, చెప్పింది మర్చిపోవడం ముందుగా కనిపెట్టేది భార్యో తల్లో. "ఎప్పట్నుంచి ఇలా?" అని యూనిట్ డాక్టర్ (ఆర్ఎంఓ) అడిగినప్పుడు వాళ్ళు చెప్పే తేదీని ఆ పుస్తకంలో తేదీల పక్కన పెట్టి చూపించండి.